లొట్టిలో సున్నము, పీపాలో సారా: తీపి వైనుల చరిత్ర

ఏలూరు నుండి కొల్లేటివైపు పోవు దారులలో, తెల్లవారుజామున తాటిచెట్ల క్రింద నిలిచి చూచినవారికి ఈ దృశ్యము క్రొత్తది కాదు. గీతపనివాడు మోకు వేసికొని చెట్టెక్కును. రాత్రి కట్టి వచ్చిన లొట్టిని మెల్లగా దింపును. లొట్టి లోపల సున్నము పూసి యున్నచో అందులో చేరినది తియ్యని నీరా. సున్నము లేనిచో, చెట్టు అదియే అయినను, రాత్రి అదియే అయినను, అందులోనిది నురుగు కట్టిన కల్లు.

మా వట్లూరులో ఉన్నత పాఠశాల విద్యార్థి ఒకడు నన్ను ఒకనాడు ఇట్లడిగినాడు. "సున్నం నోరు పొక్కిస్తుంది గదా మాస్టారూ, మరి సున్నం పూసిన లొట్టిలో రసం తియ్యగా ఎలా ఉంటుంది?"

మంచి ప్రశ్న. దీనికి సమాధానము ఒక్క వాక్యములో చెప్పవచ్చును. సున్నము తీపిని పుట్టించదు. ఉన్న తీపిని పోనీయదు. కాని ఆ వాక్యము వెనుక పెద్ద చరిత్ర కలదు. ఐరోపా ఖండమువారు ద్రాక్షరసము విషయములో ఇదే చిక్కును రెండువేల యేండ్లకు పైగా ఎదుర్కొనిరి. పులిసిన పిమ్మట కూడ తీపి నిలుచునట్టి వైనును ఎట్లు చేయవలెను? వారు భోజనము ముగించునప్పుడు చిన్న గాజుపాత్రలలో పోసికొను తీపి వైనులన్నియు ఈ ప్రశ్నకు దొరికిన వేర్వేరు సమాధానములే. మనము పెరుగన్నముతో, మజ్జిగతో, అనగా పులుపుతో భోజనము ముగింతుము. వారు తీపితో ముగింతురు. ఆచారములు వేరు. రసాయనము ఒక్కటే.

తీపి ఎందుకు పోవును?

ద్రాక్షపండు తొక్కమీదను, గానుగల గోడలమీదను, పీపాలలోను ఈస్టు అను సూక్ష్మజీవులు ఉండును. రసములోని చక్కెర వాటికి ఆహారము. అవి చక్కెరను విడగొట్టి ఆల్కహాలును, బొగ్గుపులుసు గాలి అను కార్బన్ డయాక్సైడును విడుచును. కల్లులోని నురుగు ఆ గాలియే. ఈ మార్పును ఫ్రాన్సు దేశపు లవోజియే 1789లో త్రాసుతో తూచి పరిశీలించెను. 1815లో గే లుస్సాక్ దానికి లెక్క కట్టెను. నేటి లెక్క ప్రకారము 180 గ్రాముల గ్లూకోజు పూర్తిగా పులిసినచో 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల బొగ్గుపులుసు గాలి ఏర్పడవలెను. ఈ పని చేయునవి జీవములని లూయీ పాశ్చర్ నిరూపించెను. 1866లో ఆయన వైనుపై ఒక గ్రంథమునే ప్రకటించెను.

సాధారణముగా పండిన ద్రాక్షరసములో లీటరుకు 200 గ్రాములకు అటునిటుగా చక్కెర ఉండును. లీటరులో సుమారు 17 గ్రాముల చక్కెర పులిసినచో నూటికి ఒక వంతు ఆల్కహాలు వచ్చును. అనగా 200 గ్రాములకు నూటికి 12 వంతులు. ఆ పాటి ఆల్కహాలులో ఈస్టు బ్రతుకగలదు. కనుక చక్కెర అంతయు తిని గాని ఊరకుండదు. మిగిలిన వైనులో పులుపు, వగరు తప్ప తీపి ఉండదు.

తీపి నిలువవలెనన్న రెండే దారులు. ఈస్టు తినలేనంత చక్కెర రసములో ఉండవలెను. లేదా ఈస్టు పనిని నడుమనే ఆపవలెను. లొట్టిలోని సున్నము రెండవ దారి. సున్నపు క్షారములో ఈస్టు గాని, పులియజేయు బాక్టీరియాలు గాని చురుకుగా పెరుగలేవు. అందువలన తాటిరసములోని చక్కెర బెల్లము కాచువరకు నిలుచును. ద్రాక్షరసములో మాత్రము సున్నము వేయరు. వైను రుచికి ప్రాణమైన ఆమ్లమును సున్నము చంపివేయును. ఈ ఆమ్లము మనకు పరాయిది కాదు. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే మన చింతపండులోని పులుపునకు ముఖ్యకారణము.

ఎండ, బూజు, మంచు

మొదటి దారిలో మిక్కిలి ప్రాచీనమైన పద్ధతి ఎండబెట్టుట. క్రీ. పూ. 700 ప్రాంతమున ఉండిన గ్రీకు కవి హెసియోడ్, కోసిన గుత్తులను పది దినములు ఎండలో ఉంచి, ఐదు దినములు నీడలో కప్పి, పిమ్మట రసము తీయవలెనని సేద్యము చేయువారికి చెప్పియున్నాడు. నీరు ఇగిరిపోవును, చక్కెర మిగులును. మనము ఒరుగులు ఎండబెట్టుటలో సూత్రము ఇదియే. సైప్రసు దీవిలోని కమండారియా అను వైనును నేటికిని ఇట్లే చేయుచున్నారు.

రెండవ పద్ధతి వినుటకు వింతగా నుండును. అది బూజు పట్టించుట. హంగెరీ దేశములోని టొకాయ్ కొండలలోను, ఫ్రాన్సులో బోర్డో నగరమునకు దక్షిణముననున్న సొతెర్న్ గ్రామములలోను ద్రాక్షకు బొట్రైటిస్ సినేరియా అను బూజు పట్టును. ఇది రైతునకు శత్రువు. పూలమొక్కలను, కూరగాయలను కుళ్ళబెట్టునది ఈ బూజే. కాని ఉదయము మంచు, మధ్యాహ్నము పొడియెండ వరుసగా ఉన్నచో దాని నడవడి మారును. ఉదయపు తడిలో బూజు తొక్కకు సన్నని రంధ్రములు పొడుచును. మధ్యాహ్నపు ఎండలో ఆ రంధ్రములగుండ పండులోని నీరు ఆవిరియగును. పండు ముడుతలుపడి కిస్‌మిస్ వలె నగును. చక్కెర చిక్కనగును, గ్లిసరాలు పెరుగును, క్రొత్త వాసనలు పుట్టును. మంచు విడువక వానలు పట్టినచో అదే బూజు తోటనంతటిని కుళ్ళబెట్టును. ఒకే జీవి కొద్దిపాటి తేమ భేదముచేత మేలును చేయును, కీడును చేయును.

సొతెర్న్‌లో ఆ మంచునకు కారణము రెండు నదులు. చల్లని నీటి సిరాన్ అను చిన్న యేరు వెచ్చని గరోన్ నదిలో కలియుచోట శరత్కాలపు ఉదయములందు మంచు లేచును. మార్గశిర, పుష్య మాసములలో కొల్లేటి పొలములపై పరచుకొను మంచును చూచిన మన విద్యార్థులు ఆ దృశ్యమును ఊహించుకొనగలరు. కాని మంచు ఒక్కటే చాలదు. అక్కడ అది ద్రాక్ష పండు కాలమునకు సరిగా వచ్చును.

టొకాయ్‌లో అట్లు ముడిగిన పండ్లను అసూ అందురు. పదునారవ శతాబ్దపు హంగెరీ పత్రములలోనే ఆ మాట కనబడుచున్నది. ఆ పండ్లను ఒక్కొక్కటిగా ఏరుదురు. ఇరువదియైదు కిలోల బుట్టలతో కొలిచి 136 లీటర్ల పీపాలోని వైనులో నానబెట్టెడివారు. మూడు బుట్టలా, ఐదా, ఆరా అను దానిని బట్టి తీపిని చెప్పెడివారు. ఆ పండ్ల బరువునకే కారిన రసములో లీటరుకు 450 గ్రాములు, అంతకు మించి కూడ చక్కెర ఉండును. అందులో ఈస్టు పడిన పాట్లు చెప్పనలవి కాదు. చిక్కని చక్కెర దాని కణములలోని నీటిని బయటికి లాగివేయును. ఏండ్ల తరబడి పులిసినను ఆల్కహాలు సాధారణముగా నూటికి ఐదు వంతులు దాటదు. మనము ఊరగాయలో ఉప్పుతోను, మురబ్బాలో చక్కెరతోను సూక్ష్మజీవులను అణచుట ఈ సూత్రము చేతనే.

ఇట్టి వైనునకు గిరాకీ పెరిగినకొలది నకిలీలు పెరిగినవి. 1737లో రాజశాసనముచే టొకాయ్ ఎల్లలు నిర్ణయింపబడినవి. సొతెర్న్‌లోని ఇకెమ్ అను తోటకు 1855 నాటి వర్గీకరణములో అన్నింటికంటె పైమెట్టు ఒంటరిగా లభించెను. అక్కడ ఒక తీగనుండి ఒక గాజుపాత్రెడు వైను మాత్రమే వచ్చునందురు.

మూడవ పద్ధతి చలి. జర్మనీలో ద్రాక్షను శీతకాలము వరకు తీగెపైననే ఉంచి, సున్న కంటె ఏడు డిగ్రీలు తక్కువైన చలిలో, గడ్డకట్టిన పండ్లనే పిండుదురు. నీరు మంచుగా గానుగలో మిగిలిపోవును. చక్కెర రసము కారును. 1830 ఫిబ్రవరిలో రైన్ ప్రాంతపు ద్రోమెర్‌షైమ్ గ్రామములో దీనిని మొదట చేసిరని చెప్పుదురు. కోయక విడిచిన పండ్లను పశువులకు వేయబోవుచు వాటి తీపిని గుర్తించిరని అక్కడివారి కథ.

పీపా దారి

ఇక రెండవ దారికి వత్తము. పోర్చుగల్లులోని డౌరో లోయలో ద్రాక్షరసము రెండుమూడు దినములు పులిసి, చక్కెర సగము మిగిలియుండగానే అందులో ద్రాక్షసారా పోయుదురు. ఆల్కహాలు నూటికి ఇరువది వంతులు కాగానే ఈస్టు చచ్చును. మిగిలిన చక్కెర చెక్కుచెదరక నిలుచును. లెక్క చూడుడు. ఆరువంతుల ఆల్కహాలున్న 440 లీటర్ల రసములో 77 వంతుల సారా 110 లీటర్లు పోసినచో, 550 లీటర్లలో ఆల్కహాలు మొత్తము 111 లీటర్లు; అనగా నూటికి ఇరువది. ఇదియే పోర్టు వైను. 1756లో పోంబాల్ ప్రభువు ఆ లోయకు ఎల్లలు కట్టించెను.

పోర్చుగీసువారి మరియొక తీపి వైను మన తీరమునకు చుట్టమే. అది మదీరా. మదీరా అట్లాంటిక్ సముద్రములోని ఒక దీవి. దాని పేరు విని మన సంస్కృత 'మదిర' యని భ్రమింపరాదు. మదిర 'మద్' ధాతువునుండి పుట్టినది. మదీరా యన్న పోర్చుగీసు మాటకు కలప యని అర్థము. దీవి నిండ అడవి యుండుటచే ఆ పేరు వచ్చినది. ఒకే విధముగా వినబడు మాటలన్నియు ఒకే తల్లి బిడ్డలు కావు. కాని మనము వాడు 'పీపా' అను మాట నిజముగా పోర్చుగీసువారి 'పిపా' నుండి వచ్చినదే. వైను పోసిన కొయ్యపాత్రతోబాటు ఆ మాట కూడ మన రేవులలో దిగినది.

డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను బందరు తీరమున వర్తకము ఆరంభించిరి. పిమ్మట నరసాపురము దగ్గర మాధవాయపాలెములో ఆంగ్లేయులకు, పాలకొల్లులో డచ్చివారికి స్థావరములుండెను. కలంకారీ, సన్నని నూలుబట్టలు ఓడలెక్కి పోయినవి. వచ్చు ఓడలలో మదీరా పీపాలుండెడివి. ఇండియాకు వచ్చు ఓడలకు మదీరా దారిలోని మజిలీ. అన్నిటికంటె ముఖ్యమైన కారణము వేరొకటి కలదు. ఇతర వైనులు భూమధ్యరేఖ దాటునప్పటికి ఓడ అడుగున ఉడికి పులిసిపోవుచుండగా, మదీరా చెడకుండుటయే గాక మరింత రుచి తేలెను. పదునెనిమిదవ శతాబ్దములో సారా కలుపుట వ్యాపించిన పిమ్మట అది ఇంకను గట్టిపడెను. ఇండియాకు పోయి తిరిగి వచ్చిన పీపాలకు ప్రత్యేకమైన పేరు, ప్రత్యేకమైన ధర ఏర్పడినవి. మన సముద్రపు వేడిమి వారి వైనునకు ఒక వంటశాల యైనది.

పిదప వర్తకులు, వేడిమియే కారణమైనచో ఓడ ఎందులకు అని యోచించిరి. దీవిలోనే వెచ్చని గదులు కట్టి, 45 నుండి 50 డిగ్రీల వేడిలో మూడు నెలలు ఉంచు పద్ధతి నెలకొనెను. ఒక అనుభవమునుండి కారణమును వేరుచేసి పట్టుకొనుట యన్న ఇదియే. శాస్త్రపద్ధతిలో మొదటి మెట్టు అది.

ఈ వేడిమిలో, ఏండ్ల నిలువలో సోటోలాన్ అను పదార్థము ఏర్పడును. టొకాయ్, సొతెర్న్ వైనుల ముదురు సువాసనలో కూడ దీనికి పాలు కలదు. ఈ పదార్థము మన వంటింటిలోనిదే. మెంతులకు ఆ వాసన నిచ్చునది సోటోలానే. శుద్ధిచేయని చెరకు చక్కెరలో కూడ దీనిని కనుగొనిరి. కొద్దిగా నున్నచో కాచిన చక్కెరవలె, ఎక్కువైనచో మెంతులవలె తోచును. ముదురు మదీరా వైను వాసనను తెలుగు విద్యార్థికి చెప్పవలెనన్న, బెల్లము పాకము కాచిన ఇంట మెంతులు వేయించినట్లుండునని చెప్పిన చాలును.

దొంగతీపి

ఇంతవరకు చెప్పినది కష్టపడి నిలిపిన తీపి. కష్టము లేకుండ తీపి తెచ్చు మార్గములను మనుష్యులు వెదకకుండ ఉండలేదు. రోమనులు ద్రాక్షరసమును సీసపు పాత్రలలో కాచి, ఆ పాకమును వైనులో కలిపెడివారు. ఆమ్లము సీసముతో కలిసి సీసపు అసిటేటు ఏర్పడును. అది తియ్యగా నుండును, విషము. ఈ అలవాటు ఐరోపాలో శతాబ్దముల తరబడి పోలేదు. పుల్లని వైనులో సీసపు ఆక్సైడును కలిపి తీపి చేసి అమ్మెడివారు.

1696లో జర్మనీలోని ఉల్మ్ నగర వైద్యుడు ఎబెర్‌హార్డ్ గోకెల్ మఠములలో కొందరు సన్యాసులకు భరింపరాని కడుపునొప్పి, పక్షవాతము వచ్చుట చూచెను. వైను త్రాగని సన్యాసులకు ఆ రోగము లేదు. ఆయన ఆ ఒక్క భేదమును పట్టుకొని వైను జాడ తీసి, సీసమును దోషిగా నిలబెట్టెను. ఆ యేడే వుర్టెంబెర్గు ప్రభువు వైనులో సీసము కలుపుటను మరణదండనముతో నిషేధించెను. పిమ్మట 1788లో హానెమన్ వైనులో సీసమును కనిపెట్టు రసాయన పరీక్షను ప్రకటించెను. హోమియోపతి స్థాపకుడుగా మన ఊళ్ళలో పేరు తెలిసిన హానెమన్ ఈయనయే. ఆయన ద్రావకము కలిపినచో సీసమున్న వైను నల్లబడును. సీసపు సల్ఫైడు ఏర్పడుటయే దానికి కారణము. నాలుకకు తెలియనిది పరీక్షనాళికకు తెలిసినది.

కథ అంతటితో ముగియలేదు. 1985లో ఆస్ట్రియా దేశపు వైనులు కొన్నింటిలో డై ఇథైలీన్ గ్లైకాల్ కలదని జర్మనీ పరీక్షాశాలలు బయటపెట్టినవి. అది తియ్యని చిక్కని ద్రవము, మూత్రపిండములకు విషము. సాధారణపు వైనును ఆలస్యముగా కోసిన పండ్ల ఖరీదైన వైనుగా చూపుటకు దానిని కలిపిరి. అదృష్టవశమున ప్రాణనష్టము తెలియరాలేదు. కాని ఆస్ట్రియా వైను ఎగుమతి కుప్పకూలినది. ఆ యేడే కఠినమైన చట్టము వచ్చినది. ఇదే ద్రవమును 1937లో అమెరికాలో ఒక మందునకు ద్రావకముగా వాడగా నూరుగురికి పైగా చనిపోయిరి. ఆ మందు కూడ పిల్లలకు రుచించు తియ్యని మందే. రుచి చూచిన నిపుణులు 1985లో మోసపోయిరని మరువరాదు.

రుచి చూచుట యెట్లు?

కనుక రుచి చూచుట ఎందులకును పనికిరాదా? అట్లు కాదు. దాని హద్దు తెలిసికొనవలెను. నిపుణుడు తీపి వైనును మొదట వెలుతురులో చూచును. లేతపసుపు లేతవయస్సును, తేనెరంగు ముదురును తెలుపును. పిదప వాసన చూచును. తేనె, ఎండిన జల్దారు పండు, నారింజ తొక్క వాసనలు బూజు పట్టిన పండ్ల గురుతులు. చివరకు ఒక్క గుక్క నోటనుంచుకొని తీపికిని పులుపునకును గల తూకమును చూచును. పులుపు లేని తీపి ముఖము మొత్తును. టొకాయ్ వైనులో అంత చక్కెర యున్నను వెగటు కాకుండుటకు దాని ఆమ్లమే కారణము. మన పులిహోరలోను, ఆవకాయలోను ఒక రుచి ఇంకొకదానిని మోయుచున్నట్లే ఇక్కడను.

ఉపాధ్యాయులు గమనింపవలసిన సంగతి ఒకటి కలదు. నాలుక కొనకు తీపి, ప్రక్కలకు పులుపు, వెనుకకు చేదు అని గీసిన పటము అనేక పాఠ్యపుస్తకములలో ఉండినది. అది సరికాదు. 1901లో జర్మనీలో హేనిగ్ కనుగొన్నవి చిన్న భేదములు మాత్రమే. 1942లో బోరింగ్ గ్రంథములోని గీత చూచినవారు వాటిని పెద్దవిగా అర్థము చేసికొనిరి. రుచిమొగ్గలున్న ప్రతిచోటను నాలుక అన్ని రుచులను గ్రహించును. అంతేకాదు, మనము రుచి యనుకొనునదానిలో చాలభాగము నోటినుండి ముక్కులోనికి పోవు వాసనయే.

ఈ సంగతులను తరగతిలో పరీక్షించుటకు వైను అక్కరలేదు. ఆల్కహాలు ఏ కొద్దిపాటియైనను ఆరోగ్యమునకు పూర్తిగా నిరపాయము కాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో స్పష్టముగా ప్రకటించినది. శ్రీరామనవమి పానకము చాలును.

ఒకటి: ముక్కు మూసికొని పానకము త్రాగుడు. తీపి, మిరియపు మంట తెలియును, ఏలకులు తెలియవు. ముక్కు విడువగానే ఏలకులు వచ్చును. రెండు: ఒకే పానకమును మంచులో చల్లార్చి కొంత, గోరువెచ్చగా కొంత ఇయ్యుడు. చల్లనిది తీపి తక్కువగా తోచును. తీపి వైనులను చల్లబరచి ఇచ్చుటకు ఇదియొక కారణము. మూడు: నూరు మిల్లీలీటర్ల నీటికి పది గ్రాముల చక్కెర చొప్పున రెండు గ్లాసులు కలిపి, ఒకదానిలో మాత్రము వడకట్టిన చింతపండు పులుసు ఒక చెంచాడు వేయుడు. ఏది తియ్యనిదని పిల్లలను అడుగుడు. పులుసు లేనిదే తియ్యనిదని చాలమంది చెప్పుదురు. రెండింటిలోను వేసిన చక్కెర ఒక్కటే. ఆ చక్కెరను తూచినది మీరు. కనుక నిజము మీకు తెలియును.

ఈ మూడవ ప్రయోగమునే నేను పైని చెప్పిన విద్యార్థిచేత చేయించితిని. గ్లాసులు రెండును మార్చి మార్చి త్రాగి, కొంతసేపు ఆలోచించి, "అయితే నా నాలుక అబద్ధం చెబుతోందా మాస్టారూ?" అని అడిగినాడు. అబద్ధము చెప్పుట లేదు. అది కొలబద్ద కాదు. రుచిని ఆస్వాదించుటకు నాలుక, నిజమును నిర్ణయించుటకు త్రాసు, పరీక్షనాళిక. ఈ రెండింటి పనులను వేరుగా నుంచుట నేర్చిన నాడు, లొట్టిలో సున్నము పూసిన మన గీతపనివాని తెలివి, బూజుపట్టిన పండును ఏరిన హంగెరీ రైతు తెలివి, సీసమును పట్టుకొన్న ఉల్మ్ వైద్యుని తెలివి, మూడును ఒక్క పాఠముగా విద్యార్థులకు అందును.